కోటు, పుస్తకం, చూపుడువేలు

ముఖం పోలిక కాస్త తప్పినా ఎవరూ పట్టించుకోరు. వేలు విరిగిందంటే మాత్రం ఆ పూటే కబురొస్తుంది. బాపట్ల, తెనాలి చుట్టుపక్కల పల్లెల్లో అంబేడ్కర్ విగ్రహాలకు రంగులు వేస్తూ, మరమ్మతులు చేస్తూ నేను అన్నిటికన్నా ముందు గమనించిన సంగతి ఇదే. జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టరుగా చేసి రిటైరైనవాణ్ని. ఏటా మార్చి సగం దాటిందంటే దళిత పేటల్లోంచి కుర్రాళ్లు బండ్ల మీద వస్తారు. "మాస్టారూ, ఏప్రిల్ పద్నాలుగు వచ్చేస్తోంది, బాబాసాహెబ్‌కి రంగు వెయ్యాలి" అంటారు. రంగు డబ్బాలు వాళ్లే తెస్తారు, పరంజా వాళ్లే కడతారు. చెయ్యి మాత్రం నాది.

వేలు ఎందుకు విరుగుతుందో చెబుతాను. సిమెంటు విగ్రహం లోపల ఇనప కడ్డీలు నిలబెట్టి, వాటి చుట్టూ జాలీ చుట్టి, పొరలు పొరలుగా సిమెంటు మెత్తుతారు. మొండెం లావుగా ఉంటుంది కాబట్టి దానికి ఏమీ కాదు. చాచిన చెయ్యి అలా కాదు, గాలిలో ఉంటుంది. చూపుడువేలి లోపల ఉండేది ఒక సన్నపాటి చువ్వ. దాని మీద పల్చటి సిమెంటు పొర. వెంట్రుకవాసి పగులు వచ్చిందంటే చాలు, వాననీరు లోపలికి దిగుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి సిమెంటును లోపల్నుంచి చీల్చేస్తుంది. మా వైపు సముద్రపు గాలికి ఇది మరీ తొందరగా జరుగుతుంది. పాత సిమెంటు గీకేసి, చువ్వకు పట్టిన తుప్పు రుద్ది, ఎర్ర ప్రైమరు పూసి, మళ్లీ కొత్తగా వేలు కట్టాలి.

కళ్లజోడు అలాగే ఉంది, కోటు ఉంది, దిమ్మె మీద పేరూ ఉంది. ఒక్క వేలు లేనంత మాత్రాన ఆయన అంబేడ్కర్ కాకుండా పోతారా? ఈ మాటే ఒకసారి అడిగితే ఒక తాపీ మేస్త్రి, "వేలు లేకపోతే ఆయన నోరు నొక్కేసినట్టుంది మాస్టారూ" అన్నాడు. అప్పటి నుంచి విగ్రహాన్ని చూసే చూపు మారింది నాకు. పోలిక ముఖంలో ఉంటుందని నాకు కాలేజీలో నేర్పారు. బళ్లో పిల్లలకు నేనూ అదే నేర్పాను. పేటలో మాత్రం పోలిక చేతిలో ఉంది.

మన దేశంలో ఇది కొత్తేమీ కాదు. గుళ్లో రాతిబొమ్మ ముఖం అరిగిపోయినా, శంఖచక్రాలుంటే విష్ణువంటాం, త్రిశూలముంటే శివుడంటాం. చేతిలో ఉన్నదాన్ని బట్టే దేవుడి పేరు. మనుషుల బొమ్మలకూ అదే అలవాటు అబ్బింది. విల్లు పట్టుకుంటే అల్లూరి సీతారామరాజు, కత్తి దూసి గుర్రమెక్కితే రుద్రమదేవి. గోదావరి జిల్లాల్లో టోపీ పెట్టుకుని గుర్రం మీద కూర్చున్న తెల్లాయన కాటన్ దొర. వేమనకైతే చేతిలో ఏదీ అక్కర్లేదు. ఆయన్ని చూసి గీసిన బొమ్మ ఏదీ మనకు లేదు. అయినా ఒంటి మీద బట్ట లేకుండా కూర్చున్న మనిషి బొమ్మ కనపడితే తెలుగువాడెవడూ పేరు అడగడు. పద్యాల్లో ఏ ముసుగూ లేని మనిషిని బొమ్మలో కూడా ఏ ముసుగూ లేకుండానే కూర్చోబెట్టుకున్నాం.

అంబేడ్కర్ సంగతి వేమనకు పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఆయన ఫొటోలు కావలసినన్ని ఉన్నాయి. 1891 ఏప్రిల్ 14న పుట్టి 1956 డిసెంబర్ 6న కన్నుమూసిన మనిషి. కెమెరా ఆయన్ని రకరకాలుగా పట్టుకుంది. ఇంట్లో లుంగీ కట్టుకుని కూర్చున్న ఫొటోలున్నాయి, పెంపుడు కుక్కతో ఉన్నవి ఉన్నాయి, పుస్తకాల బీరువాల మధ్య ఉన్నవి ఉన్నాయి. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మందితో బౌద్ధం తీసుకున్నప్పుడు తెల్లబట్టల్లో ఉన్నారు. చివరి ఏళ్లలో మధుమేహం, కాళ్ల నొప్పులు ఆయన్ని పీడించాయి, మనిషి ఊతం లేకుండా నడవలేని రోజులు వచ్చాయి. ఆ వయసులో వయొలిన్ నేర్చుకున్నారు. రూపాయి మారకం మీద 1923లో ఆర్థికశాస్త్ర గ్రంథం అచ్చు వేసినవారు, 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూసినవారు, ఆడవాళ్లకు ఆస్తి హక్కు, విడాకుల హక్కు ఇచ్చే హిందూ కోడ్ బిల్లును ముందుకు సాగనివ్వనందుకు 1951లో మంత్రి పదవి వదులుకున్నవారు ఆయనే.

ఇన్ని రూపాల్లోంచి జనం ఒక్కదాన్ని ఏరుకున్నారు. నిటారుగా నిలబడ్డ మనిషి, నీలం కోటు, టై, గుండ్రటి కళ్లజోడు, జేబులో పెన్ను, ఎడమచేతిలో రాజ్యాంగం, చాచిన కుడిచెయ్యి, చూపుడువేలు, కాళ్లకు నల్ల బూట్లు. మిగతాదంతా పుస్తకాల్లో ఉండిపోయింది. ఏది ఉంచుకున్నారో, ఏది వదిలేశారో చూస్తే, ఆ విగ్రహాన్ని నిలబెట్టుకున్నవాళ్లకు ఏది అవసరమైందో తెలుస్తుంది.

బొమ్మలు గీసేవాడిగా నన్ను అడిగి ఉంటే నేను మహాడ్ ఘట్టాన్ని ఎంచుకునేవాణ్ని. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహాడ్‌లో అంటరానివాళ్లను రానివ్వని చవదార్ చెరువు దగ్గరికి వేల మందితో నడిచివెళ్లి, దోసిలితో నీళ్లు తీసుకుని తాగారాయన. శిల్పికి అంతకన్నా ఏం కావాలి? వంగిన మనిషి, దోసిలి, వేళ్ల సందుల్లోంచి జారే నీళ్లు. కానీ మా పల్లెల్లో ఆ భంగిమ నాకెక్కడా తగల్లేదు. ఒక పేటలో పెద్దమనిషితో ఈ మాట అంటే ఆయన చాలాసేపు ఆలోచించి, "దోసిలి పట్టిన బొమ్మ మాకొద్దు మాస్టారూ. బావి దగ్గర మా అమ్మ దోసిలి పట్టి నిలబడటం నేను కళ్లారా చూశాను. రోజూ సెంటర్లో అదే చూడమంటారా?" అన్నాడు. చెరువు దగ్గర అంబేడ్కర్ పట్టిన దోసిలి తిరుగుబాటు దోసిలి. అది నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. కానీ బొమ్మకు పక్కన నిలబడి కథ చెప్పేవాళ్లు ఎప్పుడూ ఉండరు. కథ తెలియని పిల్లవాడికి వంగిన మనిషి వంగిన మనిషిలాగే కనపడతాడు.

కోటు గురించి చాలామంది అడుగుతారు. ఎండలు మండే ఊళ్లో, పంచెలు కట్టే జనం మధ్య, ఆ దొరల వేషం ఎందుకని. గాంధీ 1921లో మదురైలో పైబట్టలు వదిలేసి కొల్లాయి కట్టారు, పేదవాడిలా కనపడటానికి. అది గొప్ప త్యాగమే. అయితే వదులుకోవడానికి ముందు ఉండాలి కదా. మోకాళ్ల కిందికి పంచె జారనివ్వడానికి, తల మీద పాగా చుట్టడానికి కూడా ఊరి అనుమతి కావలసిన వాళ్ల పిల్లలకు, అమెరికాలో కొలంబియా యూనివర్సిటీలోనూ లండన్‌లోనూ చదివి, గ్రేస్ ఇన్‌లో బారిస్టరై వచ్చిన మనిషి కోటు వేరే సంగతి చెబుతుంది. ఆ కోటు ఆయన్ని కాపాడిందా అంటే, లేదు. 1917లో చదువు నుంచి తిరిగొచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరితే అద్దెకు గది దొరకలేదు. పార్శీ పేరు చెప్పుకుని ఒక పార్శీ సత్రంలో తలదాచుకున్నారు. సంగతి తెలిసి కర్రలు పట్టుకుని వచ్చినవాళ్లు ఆయన్ని ఖాళీ చేయించారు. ఆ అనుభవాన్ని ఆయనే రాసుకున్నారు. అంత కోటు వేసుకున్న మనిషికే అలా జరిగిందని తెలిసినవాళ్లకు ఆ కోటు అలంకారంగా కనపడదు.

నీలం రంగు గురించి కూడా ఒక మాట. ఆయన ఫొటోలు దాదాపు అన్నీ నలుపు తెలుపే. కోటు ఏ రంగో ఫొటోలో తెలియదు. అయినా ఊరూరా నీలమే. 1942లో ఆయన స్థాపించిన షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ జెండా నీలం, ఆ రంగే తర్వాత దళిత ఉద్యమం రంగయింది. జెండాలోని రంగును జనం ఆయన ఒంటి మీదికి తెచ్చారు. దుకాణంలో దొరికే నీలం ఎనామిల్ మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది. నేను అందులో కొంచెం నలుపు కలుపుతాను. కొన్ని పేటల్లో వద్దంటారు, "జెండా నీలమే ఉంచండి, దూరం నుంచి కనపడాలి" అంటారు. నాకు కోటు బట్టలా కనపడాలని ఉంటుంది, వాళ్లకు జెండాలా కనపడాలని ఉంటుంది. వాళ్ల మాటే నెగ్గుతుంది. నెగ్గాలి కూడా.

నేను ఎక్కువసేపు కూర్చునేది మాత్రం బూట్ల దగ్గర.

మా తాత చెప్పులు కుట్టేవాడు. ఊరందరి కాళ్ల కొలతలూ ఆయనకు నోటికి వచ్చు. పెద్దరైతు పొలానికి వేసుకెళ్లే కిర్రుచెప్పులు, పెళ్లికొడుకు చెప్పులు, అన్నీ ఆయన చేతిలోంచే వెళ్లేవి. పేట దాటి ఊళ్లోకి అడుగు పెట్టేటప్పుడు మాత్రం ఆయన తన చెప్పులు విప్పి చేతిలో పట్టుకునేవాడు. మండువేసవిలో ఆ వీధి దాటేదాకా ఒట్టికాళ్లే. మా నాన్న చిన్నప్పుడు వెనకాల నడుస్తూ, "నువ్వు కుట్టిన చెప్పులు నువ్వే ఎందుకు వేసుకోవు?" అని అడిగితే నోరు మూసుకుని నడవమన్నాడట. ఆ వీధి చివరే ఇప్పుడు సెంటరు. ఆ సెంటర్లో దిమ్మె మీద బూట్లు తొడుక్కున్న మనిషి నిలబడి ఉన్నాడు. పగలూ రాత్రీ, ఎండలో, వానలో, ఆ బూట్లు విప్పడు. కింద నడిచేవాళ్ల కళ్లకు ముందు ఆనేది ఆ బూట్లే, ఎందుకంటే దిమ్మె సరిగ్గా మనిషి తల ఎత్తున ఉంటుంది. బూట్ల లేసులు ఎవరూ గమనించరని చాలామంది పెయింటర్లు మొత్తం ఒకే నలుపు కొట్టేస్తారు. నేను లేసులు విడిగా గీస్తాను, మడమ అంచు వేరుగా దిద్దుతాను, మెరుపు కోసం పైన వార్నిష్ పూస్తాను.

పుస్తకం సంగతికి వస్తే, విగ్రహాల్లో అది నోటుపుస్తకమంత ఉంటుంది. అసలు రాజ్యాంగ ప్రతి అలాంటిది కాదు. ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయజాదా అనే లేఖకుడు చేత్తో రాసి, నందలాల్ బోస్, శాంతినికేతన్ చిత్రకారులు అంచులు తీర్చిన పెద్ద పుస్తకం. 1949 నవంబర్ 26న రాజ్యాంగ సభ రాజ్యాంగాన్ని ఆమోదించింది, 1950 జనవరి 24న సభ్యులు ఆ ప్రతి మీద సంతకాలు చేశారు. అది చంకలో పెట్టుకుని నిలబడేది కాదు. విగ్రహంలో అది చిన్నదై, ఒక్క చేతిలోకి వచ్చింది. పిల్లలు బడికి పట్టుకెళ్లే పుస్తకం సైజులో ఉండటం వల్లనే, మా పేటల్లో తల్లులు పిల్లల్ని ఎత్తుకుని "చూడు, తాత కూడా పుస్తకం పట్టుకున్నాడు" అని చూపిస్తారు. అట్ట మీద "భారత రాజ్యాంగం" అన్న అక్షరాలు బయటికి కనపడేలా రాయమంటారు. చదవడం రాని ముసలివాళ్లు కూడా ఆ అక్షరాలు వంకర పోయాయా లేదా అని దగ్గరుండి చూసుకుంటారు.

ఇక్కడ విగ్రహం చెప్పని సంగతి ఒకటుంది. చెప్పడం నా బాధ్యత అనుకుంటాను. 1953 సెప్టెంబర్‌లో రాజ్యసభలో మన ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు బిల్లు మీదే చర్చ జరుగుతోంది. కొత్త రాష్ట్రంలో బలహీనుల రక్షణకు గవర్నర్‌కు అధికారాలుండాలని వాదిస్తూ అంబేడ్కర్ ఆగ్రహంతో మాట్లాడారు. రాజ్యాంగం రాసింది మీరే కదా అని సభ్యులు ఎత్తిపొడిస్తే, ఆ రాజ్యాంగాన్ని తగలబెట్టేవాళ్లలో తానే ముందుంటానన్నారు. ఏ పుస్తకాన్ని ఆయన చేతిలో శాశ్వతంగా ఉంచామో ఆ పుస్తకాన్నే ఆయన అంత నిక్కచ్చిగా తూచారు. బలహీనుడికి పనికిరాని పుస్తకం ఎంత గొప్పదైనా ఆయనకు అక్కర్లేదు. విగ్రహంలో పుస్తకం ఒక్కటే కనపడుతుంది, ఆ కోపం కనపడదు. సిమెంటుకు అంత శక్తి లేదు.

వేలు భంగిమ ఎక్కడిది? ఢిల్లీలో పార్లమెంటు ఆవరణలో బి.వి. వాఘ్ అనే శిల్పి చేసిన కంచు విగ్రహాన్ని 1967 ఏప్రిల్ 2న రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆవిష్కరించారు. ఎడమచేతిలో పుస్తకం, చాచిన కుడిచెయ్యి. మా ఊళ్లలో కనపడేది ఎక్కువగా ఆ పోలికే. ఒక విగ్రహం ఫొటో పేపర్లో, క్యాలెండర్లో పడుతుంది. శిల్పి దాన్ని చూసి బంకమట్టితో నమూనా చేస్తాడు, దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీస్తాడు. ఒక్కసారి అచ్చు తయారైతే అందులోంచి సిమెంటువో ఫైబర్‌వో విగ్రహాలు ఎన్నయినా పోసుకోవచ్చు. మా తెనాలి వైపు వీధి పొడుగునా పూర్తికాని నాయకులు నిలబడి ఉంటారు, తలలు ఒక పక్క, చేతులు ఒక పక్క. కొత్త భంగిమ కావాలంటే కొత్త అచ్చు కావాలి, దానికి డబ్బు ఎక్కువవుతుంది. చందాలతో విగ్రహం పెట్టుకునేవాళ్లు ఉన్న అచ్చుతోనే సరిపెట్టుకుంటారు. ఒకే భంగిమ వేల ఊళ్లకు పాకడానికి భక్తి ఎంత కారణమో ఈ లెక్క కూడా అంత కారణం. అలా పాకినందువల్లే, ముక్కు వంకరగా ఉన్నా, ఒళ్లు పొట్టిగా ఉన్నా, ఏ ఊరివాడు చూసినా పేరు చెప్పగలుగుతున్నాడు.

ఆ వేలు దేన్ని చూపిస్తోందని అడిగితే ఊరికో జవాబు. పార్లమెంటు వైపు అంటారు కొందరు, అధికారంలోకి పొమ్మని. బడి వైపు అంటారు కొందరు. ఒక పేటలో విగ్రహాన్ని నిలబెట్టేటప్పుడు రెండు రోజులు పంచాయతీ జరిగింది. వేలు పెద్దవీధి వైపు ఉంటే గొడవ పెట్టుకున్నట్టవుతుందని కొందరు, పేట వైపు తిప్పితే మనల్నే బెదిరిస్తున్నట్టుంటుందని కొందరు. చివరికి రోడ్డు పొడుగునా బస్టాండు వైపు చూపించేలా పెట్టారు. ఊరు వదిలి చదువుకోవడానికి వెళ్లే పిల్లలంతా ఎక్కేది ఆ బస్టాండులోనే.

విగ్రహం ఎవరిది అన్నదానికన్నా అది ఎక్కడ నిలబడింది, ఎవరు నిలబెట్టారు అన్నవే దాన్ని చిహ్నంగా మారుస్తాయి. అంబేడ్కర్ బతికుండగానే, 1950 డిసెంబర్‌లో, కొల్హాపూర్ బిందు చౌక్‌లో మాధవరావ్ బాగల్ చొరవతో ఆయన విగ్రహం, జోతిబా ఫులే విగ్రహం పక్కపక్కన వెలిశాయి. మా కోస్తా పల్లెల్లో ఆయన వేగంగా ఊరూరా నిలబడటం నాకు తెలిసి 1985 తర్వాతే. ఆ ఏడాది జూలై 17న కారంచేడులో మాదిగల్ని చంపారు. బతికి బయటపడ్డవాళ్లు చీరాల చేరుకున్నారు. దళిత మహాసభ పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికారు. చనిపోయినవాళ్లను ఊరి నడిబొడ్డునే సమాధి చేసి ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. సరిగ్గా అదే ఏడాది అంబేడ్కర్ శతజయంతి. ఆ ఏళ్లలో ఊరి మధ్యకు విగ్రహం తేవడమంటే అలంకారం కాదు. ఊరి మధ్యలో మాకూ చోటుందని చెప్పడం. పోలీసులు వచ్చేవాళ్లు, తహసీల్దార్ వచ్చేవాడు, స్థలం ఎవరిదని కాగితాలు అడిగేవాళ్లు. తర్వాత 2013 జనవరిలో సుప్రీంకోర్టు రోడ్ల మీద కొత్త విగ్రహాలకు రాష్ట్రాలు అనుమతి ఇవ్వకూడదని ఆదేశించింది. రాకపోకల కోసం అది న్యాయమే కావచ్చు. కానీ పేటవాళ్లకు ఊళ్లో సొంత స్థలం సెంటు లేని చోట, రోడ్డు పక్క తప్ప నిలబెట్టుకోవడానికి వేరే చోటు ఏముందో కూడా ఆలోచించాలి.

విగ్రహం చిహ్నమైందనడానికి గట్టి రుజువు దాన్ని అవమానించేవాళ్లే ఇస్తారు. 1997 జూలై 11న ముంబయి ఘాట్‌కోపర్‌లోని రమాబాయి నగర్‌లో తెల్లారేసరికి అంబేడ్కర్ విగ్రహం మెడలో చెప్పుల దండ ఉంది. జనం రోడ్డెక్కారు. పోలీసు కాల్పుల్లో పది మంది చచ్చిపోయారు. సిమెంటు బొమ్మకు ఏ నొప్పీ లేదు. ఆ దండ వేసినవాడి లెక్కలో అది బొమ్మ మెడ కాదు, ఆ బస్తీలో ప్రతి మనిషి మెడ. బస్తీవాళ్లూ అలాగే తీసుకున్నారు. అందుకే చాలాచోట్ల ఇప్పుడు ఆయన చుట్టూ ఇనప ఊచల బోను కనపడుతుంది. ఊచలకు రంగు వేసే పని కూడా నాకే వస్తుంది. ఆ పని చేసే రోజు నాకు అన్నం సరిగా దిగదు. విగ్రహం దాకా అవసరం లేదు, పేరు చాలు. 2022 మే 24న అమలాపురంలో, కోనసీమ జిల్లాకు ఆయన పేరు చేర్చొద్దని లేచిన గొడవలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. రాజ్యాంగం మీద ప్రమాణం చేసిన రాష్ట్రంలో రాజ్యాంగ రచనా సంఘం అధ్యక్షుడి పేరు అంత మంట రేపింది.

ఇలాంటిదే వేరే కారణంతో హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీదా జరిగింది. 1986లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం అక్కడ తెలుగు మహనీయుల విగ్రహాలను వరసగా నిలబెట్టింది. 2011 మార్చి 10న, ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన మిలియన్ మార్చ్ రోజున, వాటిలో చాలా కూలాయి. శ్రీశ్రీ మీదా అన్నమయ్య మీదా ఎవరికి పగ ఉంటుంది? ఆ వరసలో మా వాళ్లెందరు అని తెలంగాణ అడుగుతూ వచ్చిన ప్రశ్న అది. వరస మొత్తం ఒక చిహ్నమైపోయాక అందులో నిలబడ్డ కవి ఏం రాశాడన్నది వెనక్కి పోతుంది. కవిత్వం చదివే మనిషిగా ఆ రోజు నాకు బాధ కలిగింది. ఆ ప్రశ్న మాత్రం న్యాయమైనదే.

ఇప్పుడు ఇవన్నీ చిన్నవయ్యేంత పెద్ద విగ్రహాలు వచ్చాయి. 2023 ఏప్రిల్ 14న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున, పార్లమెంటు భవనం ఆకారంలో కట్టిన 50 అడుగుల పీఠం మీద 125 అడుగుల అంబేడ్కర్ నిలబడ్డారు. రామ్ సుతార్ శిల్పశాల పని అది. 2024 జనవరి 19న విజయవాడ స్వరాజ్య మైదానంలో 81 అడుగుల పీఠం మీద మరో 125 అడుగుల విగ్రహం ఆవిష్కరించారు. 125 అన్న అంకె ఆయన 125వ జయంతిని తలపిస్తుంది. విజయవాడ విగ్రహం చూడటానికి మా పేట పిల్లల్ని తీసుకెళ్లాను. ఏటా పుస్తకాల పండగ జరిగిన మైదానం అది. నేను సగం జీతం తగలేసి పుస్తకాలు కొన్నది అక్కడే. పిల్లలు తలలెత్తి చూసి మురిసిపోయారు. నేనూ మురిశాను, కాదనను. అంత ఎత్తున మనవాణ్ని ప్రభుత్వం నిలబెట్టిందంటే అది చిన్న సంగతి కాదు. శిల్పిగా చూస్తే అది వేరే శాస్త్రం. కింద నుంచి చూసేవాడికి పైకి పోయేకొద్దీ శరీరం కుంచించుకుపోయినట్టు కనపడుతుంది, అందుకని తల కొంచెం పెద్దదిగా చేయాలి. గాలి తాకిడికి లోపల ఉక్కు చట్రం కట్టాలి.

కానీ అక్కడ దండ వేయడానికి నిచ్చెన సరిపోదు. మా పేటలో జయంతి రోజున ఆడవాళ్లు వరసగా నిచ్చెనెక్కి ఒక్కొక్కరే దండ వేస్తారు, భుజం మీద చెయ్యి వేసి ఫొటో దిగుతారు, పిల్లవాడి చేత ఆ వేలు ముట్టిస్తారు. పెద్ద విగ్రహాన్ని మనం చూస్తాం, చిన్న విగ్రహంతో మనం ఉంటాం. ప్రభుత్వం పెట్టినదానికి టెండర్లు ఉంటాయి. పేటలో పెట్టినదానికి దిమ్మె మీద చందాదారుల పేర్లు ఉంటాయి. నాట్లు వేసే ఆడకూలీలు ముఠాగా ఇచ్చిన రూ. 1,116, ఆటో స్టాండు వాళ్ళు ఇచ్చిన రూ. 516, గల్ఫ్ నుంచి పంపిన డబ్బు, అన్నీ రాళ్ల మీద ఉంటాయి. ఆ పేర్లు వెలిసిపోతే నేను అడక్కుండానే దిద్దుతాను. నా ఓటు ఆ చిన్నదానికే.

ఈ విగ్రహాలను ఆయన చూస్తే ఏమనేవారో ఊహించనక్కర్లేదు, ఆయనే చెప్పారు. 1943లో పుణేలో సంస్కర్త రానడే జయంతి సభలో మాట్లాడుతూ, మహాపురుషుల్ని గౌరవించడం వేరు, వాళ్లకు గుడ్డిగా లోబడటం వేరు అని విడదీశారు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో చేసిన చివరి ప్రసంగంలో, రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి తీస్తుందని హెచ్చరించారు. విగ్రహాలకు పాలాభిషేకాలు చేసేవాళ్లు, కొబ్బరికాయలు కొట్టేవాళ్లు మా వైపూ ఉన్నారు. ఆ పని చూసినప్పుడల్లా వాళ్లకు ఈ రెండు ప్రసంగాల సంగతి చెబుతాను. కొందరు వింటారు. కొందరు, "దేవుడి గుళ్లోకి రానివ్వకపోతే ఈయన్నే దేవుడు చేసుకున్నాం, అదీ వద్దంటే ఎట్లా మాస్టారూ" అంటారు. ఆ మాటకు తొందరపడి జవాబు చెప్పను నేను. కాయ కొట్టొద్దని మాత్రం అంటూనే ఉంటాను.

ఈ మధ్య మా పక్క ఊళ్లో డిగ్రీ చదివే పిల్లలు కొత్త కోరికతో వచ్చారు. పేటలో చిన్న లైబ్రరీ గది కట్టుకున్నారు. దాని ముందు కూర్చుని చదువుకుంటున్న అంబేడ్కర్ కావాలట. బల్ల, దీపం, తెరిచిన పుస్తకం. ఆయన జీవితంలో ఎక్కువ గంటలు గడిచింది అలాగే కాబట్టి అది చాలా నిజమైన బొమ్మ. నాకు ఎంతో నచ్చింది. పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. "ఇన్నేళ్లూ ఈయన్ని నిలబెట్టుకోవడానికే కదా తన్నులు తిన్నాం. ఇప్పుడు కూర్చోబెడతారా?" అని ఒక ముసలావిడ గట్టిగా అడిగింది. "అమ్మమ్మా, నువ్వు నిలబెట్టినాయన సెంటర్లో అలాగే ఉంటాడు. ఈయన మా గదికి" అని ఆమె మనవరాలు నచ్చజెప్పింది. కూర్చున్న భంగిమకు తెనాలిలో అచ్చు లేదు. కొత్తగా మట్టితో మొదలుపెట్టాలి. బల్ల మీద చేతులు ఎలా ఉండాలో తేల్చుకోవడానికి ఆయన చదువుకుంటున్న ఫొటోలు వెతికి గోడకు అంటించుకున్నాను. చేతిలో పుస్తకం ఏది కావాలని అడిగితే పిల్లలు ఇంకా తేల్చలేదు. కొందరు రాజ్యాంగమే ఉండాలంటున్నారు. ఆ మనవరాలు మాత్రం పుస్తకం అట్ట ఖాళీగా వదిలేయమంటోంది.